నలభై మీటర్లు

మా వైపు కొత్త బండి ఇంటికొస్తే రేటు పక్కింటివాళ్ళు అడుగుతారు. మైలేజీ నాన్నలు అడుగుతారు. పదిహేనేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా ఉన్న అబ్బాయిలు మాత్రం ఒకటే అడుగుతారు: "ఎంత లాగుద్ది?" ఎంత దూరంలో ఆగుద్ది అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఈ సంగతి నా మీదకి ఎందుకొచ్చిందో చెప్తాను. మాది కంభం దగ్గర ఒక పల్లె. తమ్ముడు ఇంటర్ సెకండియర్. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంటే బండి కొనిపెడతానని నాన్న వాడికి మాటిచ్చాడు. ఇలాంటి ఒప్పందం చాలా ఇళ్ళల్లో ఉంటుంది, మీ ఇంట్లో కూడా ఉండుంటుంది. పోయిన నెల నాన్న ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు గదా, ఏ బండి మంచిదో నెట్‌లో చూసి చెప్పు" అన్నాడు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇంట్లో పడే పనులు మీకు తెలిసినవే. కరెంటు బిల్లు కట్టడం, ఆధార్‌లో ఫోన్ నంబర్ మార్పించడం, టీవీ రాకపోతే చూడటం. ఆ లిస్టులో ఇప్పుడు బండి కూడా చేరింది.

ఆ రాత్రే తమ్ముడు వాట్సాప్‌లో మూడు లింకులు పంపాడు. మూడూ 200 సీసీ, ఆ పైనవే. కింద "అక్కా ప్లీజ్, వీటిల్లోనే ఒకటి చెప్పు" అని.

రివ్యూలన్నీ చూశాను. సున్నా నుంచి 60కి ఎన్ని సెకన్లలో వెళ్తుంది, టాప్ స్పీడ్ ఎంత, సైలెన్సర్ సౌండ్ ఎలా ఉంది, వీటి మీద పది నిమిషాలు మాట్లాడినవాళ్ళు బ్రేకుల గురించి పది సెకన్లు మాట్లాడారు. సరే, మనమే లెక్కేద్దాం అని స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

మొదట టైమ్ లెక్క వేశా. కంభం నుంచి గిద్దలూరు 30 కిలోమీటర్ల పైచిలుకు. లెక్క తేలిగ్గా ఉంటుందని 30 అనుకుందాం. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతే అరగంట. 80తో పోతే 22 నిమిషాల 30 సెకన్లు. మిగిలింది ఏడున్నర నిమిషాలు. 80 నుంచి 100కి పెంచితే మిగిలేది నాలుగున్నర నిమిషాలే. 100 నుంచి 120కి పోతే మూడు నిమిషాలు. చూశారా, ప్రతిసారీ పెంచేది అదే 20. మిగిలే టైమ్ మాత్రం తగ్గుతూ వస్తోంది. అది కూడా దారిలో ఒక్క ఊరూ, ఒక్క స్పీడ్ బ్రేకరూ, ఒక్క బర్రే లేదనుకుంటేనే. ఏడున్నర నిమిషాలంటే గిద్దలూరులో దిగి ఒక టీ తాగే టైమ్.

రెండోది ఆగే లెక్క. దీనికి ఇంటర్ ఫిజిక్స్ చాలు. రోడ్డుకి ఏదో అడ్డం వచ్చిందని కళ్ళు చూడటానికీ, చెయ్యి బ్రేక్ నొక్కడానికీ మధ్య ఒక సెకను పోతుందనుకుందాం. ఆ సెకనంతా బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. తర్వాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా బ్రేక్ వేస్తే ప్రతి సెకనుకీ వేగం సెకనుకి 6 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. 60లో ఉన్నవాడు సెకను ఆలస్యంలో దాదాపు 17 మీటర్లు, బ్రేక్ వేశాక 23 మీటర్లు పోతాడు. మొత్తం 40 మీటర్లు. 80లో ఉన్నవాడికి 63 మీటర్లు కావాలి. 100లో ఉన్నవాడికి 92.

ఇక్కడిదాకా ఎవరైనా ఊహించేదే. తర్వాత ఇంకొక గడి వేశా. సరిగ్గా 40 మీటర్ల దూరంలో ఒక బర్రె రోడ్డు మీదకి వచ్చింది. 60లో వస్తున్నవాడు దాని ముందు ఆగిపోయాడు. భయంతో చెమటలు పట్టుంటాయి, అంతే. మరి 80లో వస్తున్నవాడు అదే బర్రె దగ్గరికి వచ్చేసరికి ఎంత వేగంలో ఉంటాడు? నేను 20 అనుకున్నా, పోనీ 30. షీట్‌లో వచ్చింది 60.

ఫార్ములా మళ్ళీ చూశా. కాగితం మీద వేసి చూశా. అదే వచ్చింది. మొదటి వాడు పూర్తిగా ఆగిన చోట రెండోవాడు ఇంకా గంటకి 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుతాడు. 100లో వచ్చేవాడైతే 90తో. కారణం తెలిస్తే ఆశ్చర్యం లేదు. 80లో ఉన్నవాడికి ఆ మొదటి సెకనే 22 మీటర్లు తినేస్తుంది. బ్రేక్‌కి మిగిలేది 18 మీటర్లు. వేగం రెట్టింపైతే బండిలో ఉన్న శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి, ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు మొదటి మీటర్లలో స్పీడ్ పెద్దగా తగ్గదు. ఎక్కువ భాగం చివరి మీటర్లలోనే తగ్గుతుంది. ఆ చివరి మీటర్లు మనకి దొరకవు.

అప్పుడు మా వీధిలో ఒకన్న గుర్తొచ్చాడు. డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా ఒక సాయంత్రం, చీకటి పడే వేళ, బెస్తవారిపేట వైపు నుంచి వస్తూ గడ్డి ట్రాక్టర్‌ని వెనక నుంచి గుద్దాడు. ట్రాలీకి వెనక లైటు లేదు. ఇప్పుడు కాల్లో రాడ్డుతో వాళ్ళమ్మ చిల్లరకొట్టులో కూర్చుంటాడు. ఆయన తాగలేదు, ఫోన్ చూడట్లేదు. ఎప్పుడడిగినా ఒకటే మాట. "బ్రేకేశా పాపా. కనపడగానే ఏశా. బండి ఆగలా." ఊళ్ళో సగం మంది అది సాకు అంటారు. ఆ షీట్ చూశాక నాకనిపించింది, ఆయన ఉన్నదున్నట్టే చెప్తున్నాడని. బ్రేక్ నిజంగానే వేసుంటాడు. ఆగడానికి కావాల్సిన దూరం ఆయన చేతిలో లేదు. అది అప్పటికే ఖర్చయిపోయింది.

ట్రాక్టర్ తప్పు లేదా అంటే ఉంది. కానీ మన రోడ్లు మనకి తెలుసు. సాయంత్రం ఇళ్ళకి మళ్ళే బర్రెలు, గొర్రెల మందలు, రోడ్డు మీదే ఎండబోసిన కందులు, చుట్టూ పెట్టిన రాళ్ళు, రంగు పోయిన స్పీడ్ బ్రేకర్లు. శివరాత్రి వస్తే దోర్నాల దారిలో శ్రీశైలం నడిచిపోయే జనం. గిద్దలూరు నుంచి నంద్యాల పోతే నల్లమల మలుపులు, మలుపు అవతల ఏ లారీ ఉందో తెలీదు. డివైడర్ లేని రోడ్డులో ఎదురుగా వచ్చేవాడి వేగం కూడా మన వేగానికి కలుస్తుంది. 2025 మేలో కొమరోలు మండలంలో కారు, లారీ ఢీకొని ఆరుగురు ఒకేసారి పోయారు. వాళ్ళు మహానంది వెళ్ళి తిరిగొస్తున్నవాళ్ళు.

తమ్ముడికి ఫోన్‌లో ఈ లెక్క చెప్తే వాడి దగ్గర జవాబు రెడీగా ఉంది. "అందుకే పెద్ద బండి అంటున్నా అక్కా. 125 సీసీ దాటితే ఏబీఎస్ కంపల్సరీ. అదే సేఫ్." మాట నిజమే, 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ ఆ రూల్ ఉంది. ఏబీఎస్ మంచిదే, బ్రేక్ గట్టిగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుంది. కానీ నువ్వు బ్రేక్ నొక్కాకే అది పని మొదలుపెడుతుంది. ఆ ముందు సెకనుకి ఏ కంపెనీ దగ్గరా మందు లేదు.

మంచి బండి, మంచి రోడ్డు ఉంటే ఏం కాదనుకునేవాళ్ళకి హైదరాబాద్ సంగతులు రెండు. మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ 2011 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పోర్ట్స్ బైక్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. అతనికి 19 ఏళ్ళు, అంటే ఇప్పుడు నా వయసే. బండి మీద ఉన్న కజిన్ ఇంకా చిన్నవాడు, అతనూ దక్కలేదు. 2017 మేలో అప్పటి మంత్రి నారాయణ గారి అబ్బాయి నిశిత్ కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌ని గుద్దింది. అతనూ, పక్కనున్న స్నేహితుడూ పోయారు. బండికీ, రోడ్డుకీ, ఆసుపత్రికీ వాళ్ళకేం లోటు? మా వైపైతే తలకి పెద్ద దెబ్బ తగిలితే ఒంగోలో, గుంటూరో, కర్నూలో పరిగెత్తాలి. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి ఇంకా దూరం. ఏడున్నర నిమిషాలు మిగిల్చుకుందామని బయల్దేరినవాణ్ణి అంబులెన్స్‌లో రెండు గంటలు మోసుకెళ్ళాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో 71 శాతం పైన అతివేగం కిందే రాశారు. చనిపోయినవాళ్ళలో 44 శాతం పైన టూవీలర్ల మీద ఉన్నవాళ్ళు. ఈ అంకెలు నేను తమ్ముడికి చెప్పలేదు. లక్షల్లో చెప్తే ఎవరికీ భయం వెయ్యదు, ప్రతివాడూ తనని ఆ లక్షలో లెక్కేసుకోడు.

వాణ్ణి ఇంకోటి అడిగా. "నెమ్మదిగా పోతే ఏమవుద్దిరా?"

"ఏం కాదక్కా. అదే ప్రాబ్లమ్. ఇక్కడ ఏం కాదు. నువ్వు హాస్టల్‌కి పోయావు. నాకిక్కడ ఉన్నది రోడ్డే."

ఆ మాటకి నాకు వెంటనే జవాబు దొరకలేదు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కాలేజీ, స్టడీ అవర్స్. ప్రతి వారం టెస్టు, నోటీస్ బోర్డు మీద ర్యాంకు. ఎప్పుడూ ఎవరో ఒకరు ముందుంటారు. చెరువు కట్ట దాటాక ఖాళీ రోడ్డు మీద మాత్రం ఎవడూ ముందుండడు. ఆ గాలి, ఆ శబ్దం, కాసేపు తనే ఫస్ట్. అది వట్టి పొగరు అనుకుని తిట్టేస్తే వాడికి మనం చెప్పేది ఒక్క ముక్క కూడా చెవికెక్కదు.

అందుకే నీతులు మానేసి, నాకు తెలిసింది చెప్పా. నాకు తెలిసింది వెనక సీటు. చిన్నప్పటి నుంచీ నేను బండి మీద కూర్చుంది అక్కడే. మా అమ్మ ఇప్పటికీ ఒక వైపుకి కాళ్ళు పెట్టి కూర్చుంటుంది, ఒక చెయ్యి నాన్న భుజం మీద, ఇంకో చేతిలో కూరగాయల సంచి, చీర కొంగు చక్రంలో పడకుండా ఒళ్ళో. నడిపేవాడికి హ్యాండిల్ ఉంది, బ్రేక్ ఉంది, ముందు ఏముందో కనిపిస్తుంది. వెనకున్నవాళ్ళకి ఎదురుగా కనిపించేది వీపు. ఎంత వేగంలో పోవాలో వాళ్ళనెవరూ అడగరు. "రేపు నీ బండి మీద మొదట ఎక్కేది అమ్మేరా" అన్నా. వాడేం మాట్లాడలేదు.

దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు నాన్న పొలం కొలిచే టేపు తీసుకుని ఇద్దరం రోడ్డు మీదకి పోయాం. వేపచెట్టు నుంచి 40 మీటర్లు కొలిస్తే రామాలయం మలుపు దగ్గర కరెంటు స్తంభం దాకా వచ్చింది. వాడు స్తంభం దగ్గర, నేను చెట్టు దగ్గర నిలబడ్డాం. "60లో వస్తే ఆగడానికి ఇంత కావాలా?" అని అక్కడి నుంచి అరిచాడు. అవునన్నా. "80లో వస్తే నీ దగ్గరికొచ్చేటప్పటికి ఇంకా 60లో ఉంటా" అన్నా. అంతలో మా ఇద్దరి మధ్యలో నుంచి ఒక చిన్నపిల్ల సైకిల్ టైరు దొర్లించుకుంటూ రోడ్డు దాటింది. దాన్ని చూసి తమ్ముడు నా వైపు చూశాడు. టేపు చుట్టేసుకుని ఇంటికొచ్చాం.

నాన్నకి నేనిచ్చిన జవాబు ఇది. తమ్ముడికి పద్దెనిమిది నిండేది వచ్చే సెప్టెంబర్‌లో. ర్యాంకు ఎంతొచ్చినా అంతవరకూ బండి వద్దు. మైనర్ నడిపి కేసైతే 2019 చట్టం ప్రకారం బండి ఓనర్‌కీ, తల్లిదండ్రులకీ మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంది. ఆ పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. లైసెన్స్ వచ్చాక 125 సీసీ బండి చాలు. మిగిలిన డబ్బుతో ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్లు రెండు, ఒకటి వెనక కూర్చునేవాళ్ళకి. పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టుకోవడానికి కాదు, పట్టీ బిగించి తలకి పెట్టుకోవడానికి.

నాన్న ఒప్పుకున్నాడు. తమ్ముడు అలిగాడు. నాలుగు రోజులుగా నా మెసేజ్‌లకి బ్లూ టిక్కులే, రిప్లై లేదు. నిన్న రాత్రి మాత్రం ఒక ఫోటో పంపాడు. షోరూమ్‌లో హెల్మెట్ల అర, అందులో నల్లదాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంది. కింద ఏమీ రాయలేదు. రేటు ఎంతో కనుక్కోమని నేనే రిప్లై ఇచ్చా.