జాతరకు పాత వ్యాను

మేడారము జాతర రెండేండ్ల కొకమారు వచ్చును. పూర్వము మనవారు ఎడ్లబండ్లకు గూడు గట్టి, త్రోవలో వండుకొనుచు, అందే పరుండుచు పోయెడివారు. మా యత్తగారు బస్సులో కూర్చుండజాలరు. అందుచే మరిపెడనుండి యామెను గొనిపోవుటకై, పడకయు పొయ్యియు నమర్చిన పాత వ్యానును వెదకుచున్నాము.

చూచినవానిలో నొకదాని రంగును తెరలును కన్నులపండువుగా నుండెను. చాప యెత్తి చూడగా నేలయంతయు త్రుప్పు. కావున బండిని మొదట తెలిసిన మెకానిక్కుచే అడుగుభాగమునుండి పరీక్షింపించవలెను. పిమ్మట రిజిస్ట్రేషను పత్రము చూడవలెను. సొంతబండికి దాని గడువు 15 ఏండ్లు. తీరని యప్పున్నచో నందే తెలియును. సీట్లు తీసి పడకలు వేసినచో, 1988 నాటి మోటారు వాహనముల చట్టమును బట్టి రవాణాశాఖ యనుమతి యుండవలెను.

అత్తగారి మ్రొక్కు తీరవలెను. పిల్లల చదువునకు దాచినది కరగిపోరాదు. రెండును కుదిరెడి బండి దొరకువరకు వెదకెదము.