పార్క్‌లేన్‌లో జ్ఞాపకాల పెట్టె

సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లో చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ ఎక్కడంటే కాస్త ఆలోచిస్తారేమోగానీ, సీటీసీ అంటే చాలు, ఠక్కున చూపిస్తారు. కంప్యూటర్‌ విడిభాగాలకు జంటనగరాల్లో పెట్టింది పేరు. అంతస్తుల నిండా చిన్నచిన్న దుకాణాలే. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలతో ఇంట్లో కంప్యూటర్‌ నిండిపోతే ఇక్కడ కొనాల్సినవి రెండే... 4 టీబీ హార్డ్‌డిస్కు, దానికో కేసింగు. డెస్క్‌టాప్‌లో వాడే మూడున్నర అంగుళాల డిస్కుకి యూఎస్‌బీ తీగలో వచ్చే 5 వోల్టులు సరిపోవు, 12 వోల్టులూ కావాలి. కాబట్టి అడాప్టర్‌తో వచ్చే కేసింగే అడగాలి.

ఇంటికొచ్చి డిస్కును సాటా పిన్నుల్లోకి జరిపి, స్క్రూలు బిగిస్తే పెట్టె సిద్ధం. విండోస్‌ అడిగినప్పుడు జీపీటీ ఎంచుకోవాలి. పాత ఎంబీఆర్‌ అయితే 2 టీబీ దగ్గరే ఆగిపోతుంది. 4 టీబీ కాస్తా 3.63గా కనిపిస్తే దుకాణదారుణ్ని తిట్టుకోనక్కర్లేదు. తయారీదారులు వెయ్యితో లెక్కిస్తే, విండోస్‌ 1024తో లెక్కిస్తుంది, అంతే!

అసలు పొరపాటు ఆ తర్వాతే జరుగుతుంది. ఫొటోలన్నీ ఇందులోకి ఎక్కించేసి, కంప్యూటర్‌లోంచి తుడిచేస్తారు. తిరుగుతున్న డిస్కు బల్లమీంచి జారిపడిందా, పాప మొదటి పుట్టినరోజు దానితోపాటే పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు సీటీసీ మెట్లు దిగకముందే రెండో డిస్కూ కొంటారు. అన్నీ అందులోకీ ఎక్కించి, పండక్కి వెళ్లినప్పుడు అమ్మమ్మగారింటి బీరువాలో దాచి వస్తారు.