పాత వస్తువులో ఏముంది?



శాపగ్రస్తమైన బొమ్మ కథతో 2014లో వచ్చిన ‘అన్నాబెల్’ సినిమా గురించి మన ధవళేశ్వరం యౌవనస్థులు మొన్న కూటం అయ్యాక మాట్లాడుకున్నారు. ఒకరికి నవ్వొచ్చిందట, ఒకరికి మూడు రాత్రులు నిద్రలేదట. అమెరికాలోని అసలు బొమ్మ మామూలు గుడ్డబొమ్మేనని మేము చెబితే కొందరు నిరాశపడ్డారు కూడా!

ఆ మాటల్లోనే ఒక చెల్లెమ్మ, “అత్తగారి కాలం నాటి ఉయ్యాల గోదాట్లో పడేద్దామనుకుంటున్నామండి, అయ్యగారూ” అంది. బిడ్డకు జ్వరం తగ్గడం లేదట. సినిమాను తిట్టడం తేలిక. మాకు ఈ ఉయ్యాలే పెద్ద సంగతి అనిపించింది. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు (2 రాజులు 18:4). దానికి నెహుష్టాను అని పేరు, అంటే వట్టి ఇత్తడి ముక్క. ధూపం వేసినా, దడుచుకున్నా వస్తువును దేవుణ్ణి చేసినట్టే కదా. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నాటి పాత సామాను ముందు మన పిల్లలు ఫొటోలు దిగుతారు, ఎవరూ జడవరు.

ముందు బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్దాం అన్నాం. సంఘపెద్ద ఒకరు ఆటో తెచ్చారు. ప్రార్థన దార్లోనే చేశాం. ఉయ్యాల ఇంకా వాళ్ల వసారాలోనే ఉంది.