మూడు, రెండు, ఆరు

"మూడు, రెండు, మూడు. మూడు, రెండు, ఆరు."

కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచిన మా మేనత్త పంటి చుట్టూ సన్నటి కడ్డీ దించుతూ పీజీ చదివే అమ్మాయి అంకెలు చెబుతోంది. పక్కన హౌస్ సర్జన్ కుర్రాడు చార్టులో రాసుకుంటున్నాడు. రేషన్ షాపులో తూకం చెప్పినంత మామూలుగా సాగిపోతోంది పని. ఆరు అన్నప్పుడు మాత్రం ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. అత్తమ్మ కళ్లు నా వైపు తిరిగాయి. నోట్లో కడ్డీ ఉండబట్టి గానీ, లేకపోతే అక్కడికక్కడే లెక్క అడిగేది.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన పక్కనే ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల అది. మేం కూర్చున్నది చిగుళ్ల విభాగంలో. అత్తమ్మది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. కింది ముందు పళ్లు రెండు కదులుతున్నాయని వచ్చింది. రావడమే ఒక తీర్మానంతో వచ్చింది: "పీకేయించు బిడ్డా, పీడ పోతది." గార తీయించుకోమని ఇంట్లో వాళ్లు ఏళ్లుగా చెబుతున్నా వినలేదు. గార తీస్తే పండ్లు వదులైతాయని వాళ్ల వాడకట్టంతా నమ్ముతుంది.

అంకెల సంగతి ప్రొఫెసర్ మేడమ్ చెప్పారు. ఆ కడ్డీ మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. పంటికీ చిగురుకీ మధ్య ఎవరికైనా సన్నటి సందు ఉంటుంది. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల లోతు వరకు ఆరోగ్యమే. అది దాటి కడ్డీ దిగిందంటే చిగురు పంటిని పట్టుకున్న పట్టు సడలినట్టు. పంటికి ఆరు చోట్ల చొప్పున నోరంతా కొలుస్తారు. ఆ గుంటను డాక్టర్లు పాకెట్ అంటారు. అత్తమ్మకు ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది: "నీ పండు చుట్టూ జేబు పడ్డదమ్మా. పాచి దాంట్ల దాసుకుంటది. నీ బ్రష్ ఆడిదాక పోదు."

పాచికీ గారకీ తేడా నాకూ సరిగ్గా తెలియదని అప్పుడే అర్థమైంది. గోటితో గీకితే మెత్తగా, తెల్లగా వచ్చేది పాచి. అది అన్నం మెతుకుల మిగులు కాదు, పంటిని అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవుల గుంపు. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. బోరు నీళ్లు కాచే హీటర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుందే, అలాంటిదే గార. దాని గరుకు మీద మళ్లీ కొత్త పాచి కూర్చుంటుంది. పాచి మీదికి ఒళ్లు తన సైన్యాన్ని పంపుతుంది, చిగురు ఎర్రబడి వాస్తుంది, ముట్టుకుంటే రక్తం. ఇంతవరకూ అయితే పూర్తిగా వెనక్కి తిప్పవచ్చు. పోరు ఏళ్ల తరబడి సాగితే మాత్రం పంటిని నిలబెట్టే ఎముక కరగడం మొదలవుతుంది. చిత్రమేమిటంటే, అందులో చాలా భాగం కరిగించేది సూక్ష్మజీవులు కావు, వాటితో పోరాడే మన ఒంటి సైన్యమే. నొప్పి మాత్రం దాదాపు ఉండదు. పిప్పి పన్ను రాత్రంతా నిద్రపోనివ్వదు గనక మనిషి డాక్టర్ దగ్గరికి పరిగెడతాడు. చిగుళ్ల జబ్బు ఆ మేలు కూడా చేయదు.

ఇదంతా పాచి వల్లేనని తేలింది మరీ పాతకాలంలో కాదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో హారల్డ్ లోయె అనే ఆచార్యుడు పన్నెండు మంది చేత పళ్లు తోమడం మాన్పించాడు. వాళ్లలో ఎక్కువ మంది దంత వైద్య విద్యార్థులే. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలెట్టాక వారం అటూఇటుగా తగ్గిపోయాయి. ఆయన బృందమే 1970 నుంచి 1985 దాకా శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీల నోళ్లను గమనించింది. బ్రష్ ఎరగని, దంత వైద్యుణ్ని చూడని మనుషులు. అందరి పళ్ల మీదా పాచే. అయినా వందలో ఎనిమిది మందికి జబ్బు వేగంగా ముదిరి, నలభై అయిదేళ్లకల్లా పళ్లన్నీ పోయాయి. ఎనభై ఒక్క మందికి నెమ్మదిగా సాగింది. పదకొండు మందికి చిగుళ్ల వాపు దాటి పోలేదు. మా తాత ఏ మందూ వాడకుండా తొంభై ఏళ్లు చెరుకు నమిలాడనే వాళ్లకు జవాబు ఆ పదకొండులో ఉంది. పదిహేనేళ్లు అలా కొలుస్తూ పోయారన్న సంగతితో మాత్రం నా మనసు ఇప్పటికీ సర్దుకోలేదు.

అత్తమ్మకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉందని వినగానే చార్టులో ఎర్ర గీత పడింది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపు తప్పుతుంది. చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే కొన్ని నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందట. చిన్న అంకెలాగే కనిపిస్తుంది గానీ, షుగర్ మాత్రలు మింగేవాళ్లకు దాని విలువ తెలుసు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుందన్నది నాకు కొత్త. అలాగని మాత్ర మానేయకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

పక్క కుర్చీలో బీడీలు కాల్చే ఒక పెద్దాయన. చిగుళ్లు పాలిపోయి, చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. కడ్డీ దించినా రక్తం రాలేదు. అంకెలు మాత్రం ఆరు, ఏడు, ఏడు అని వినిపించాయి. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది గనక రక్తం కనబడదు, లోపల ఎముక పోతూనే ఉంటుంది. ఆ రోజు అక్కడ చూసిన నోళ్లన్నిటిలోనూ నన్ను భయపెట్టింది రక్తం రాని ఆ నోరే.

గార తీసే యంత్రం మొన సెకనుకు పాతికవేల సార్లకు పైగా కంపిస్తుంది. వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతుంటాయి. పావుగంటకు అత్తమ్మ లేచి పుక్కిలించి ఉమ్మింది. నాలుకతో తడుముకుని నా మీద విరుచుకుపడింది: "చూసినవా, పండ్ల మధ్యల సందులు పెట్టిండ్రు! నేను చెప్పలే?" పీజీ అమ్మాయి నవ్వి, దూది గుడ్డ మీద గోధుమ రంగు పెచ్చు ఒకటి చూపించింది. బియ్యపు గింజంత ఉంది. "సందులో ఉన్నది ఇదే అవ్వా. నీ పండు కాదు." అత్తమ్మ దాన్ని వేలితో నొక్కి చూసింది. "ఇన్నేండ్లు రాయిని పట్టుకొని పండు అనుకున్ననా?" ముందు పళ్ల మీది గోధుమ చారలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అవి గార కావు, చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లవి. గార తీసినంత మాత్రాన పోవు.

చిగురు కిందున్నది వేరే రోజుల్లో, మత్తు సూది ఇచ్చి, చేతి పనిముట్లతో తీశారు. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే సరిపోదా అని అడిగాను. గుంపు కట్టి పంటికి అతుక్కున్న సూక్ష్మజీవుల మీద మాత్ర ఒక్కటే చాలదు, ముందు గీకాల్సిందే అన్నారు.

యాప పుల్ల సంగతి అత్తమ్మే అడిగింది. పుల్లతో తప్పేం లేదట. పంటి ముందూ వెనకా తోముతుంది, సందుల్లోకి పోదు. తప్పల్లా బొగ్గుపొడి, ఇటుకపొడి, పొగాకు ముద్దలతోనే. బ్రష్‌ను చిగురు అంచు వైపు నలభై అయిదు డిగ్రీలు వాల్చి నెమ్మదిగా కదపాలి. సందులకు బుల్లి కుంచెలాంటి వేరే బ్రష్ ఇచ్చారు.

ఇంతలో మేడమ్ నన్ను చూసి "మీకో?" అన్నారు. ఎడమ వైపు వెనక పంటి దగ్గర తోమితే రక్తం వస్తోందని రెండేళ్లుగా ఆ చోటు తప్పించి తోముతున్నానని ఒప్పుకున్నాను. కూర్చోబెట్టి కొలిచారు. నోరంతా రెండు, మూడు. ఆ ఒక్క చోట అయిదు. "రక్తం వచ్చే చోటే తోమాలి సార్, మెల్లగా, రోజూ. మీరు దానికి సెలవిచ్చారు." ఆవిడ మందలించినా బాగుండేది.

ఆరు వారాల తర్వాత మళ్లీ వెళ్లాం. నా అయిదు మూడయింది. అత్తమ్మ ఆరు నాలుగైంది, కదలడం బాగా తగ్గింది. కరిగిన ఎముక తిరిగి రాలేదు. వాపు తీసి చిగురు దిగడంతో పళ్లు పొడుగ్గా కనబడుతున్నాయని అత్తమ్మకు కోపంగానే ఉంది. పీకేయించాలన్న మాట ఈసారి ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా. మూడు నెలలకు మళ్లీ కొలవాలి. చీటీ తన సంచిలో ఉంటే పోతుందని నా పర్సులో పెట్టించింది.