బిలాస్‌పూర్ రైలు కాలనీలో ఒక పాత బుల్లెట్‌కు గాలి కవచం

బిలాస్‌పూర్ అనగానే మన సంస్థలో చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది బొగ్గు. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమూ ఇదే. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించినప్పుడు రాజధాని రాయపూర్‌కు దక్కినా, హైకోర్టు మాత్రం బిలాస్‌పూర్‌కు వచ్చింది. పూర్వం బిలాసా అనే కేవట కులపు స్త్రీ పేరు మీదుగా అర్పా నది ఒడ్డున ఈ ఊరు వెలసిందని స్థానికులు చెప్పుకుంటారు. కార్యాలయపు పని మీద ఇక్కడికి వచ్చిన మాకు నాలుగు రోజుల గడువులో ఒకటిన్నర రోజు విరామం దొరికింది. రతన్‌పూర్ మహామాయ దర్శనం చేసుకొని తిరిగి వెళ్లాలన్నది మా ఆలోచన. దర్శనమైతే అయింది గాని, మేము వెళ్లిన తీరు వేరు. ఆ సంగతే ఈ వ్యాసం.

ఊరికి ఒకవైపు గోల్ బజారు, సదర్ బజారు. రెండవవైపు రైల్వే వారి ఊరు. వరుస క్వార్టర్లు, పెద్ద చెట్లు, ఆట మైదానం, బుధవారీ బజారు. స్టేషన్‌లో రవీంద్రనాథ్ ఠాగూరు స్మృతికి గుర్తుగా పలక ఉన్నది. 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటిలోని ఒక కవితలో రైలు మారడానికి దంపతులు ఆగిన స్టేషన్ ఇదే. సాహిత్యాభిమానులు ఒక నిమిషం ఆగి చూడవచ్చు.

ఈ కాలనీలో తెలుగు మాట వినిపించడం మాకు వింతగా తోచలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు దక్షిణపు కొస వాల్తేరు. 1931లో విజయనగరం నుండి రాయపూర్ వరకు మార్గం పూర్తయిన తరువాత, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్ ఎంత దగ్గరో బిలాస్‌పూర్ కూడ అంత దగ్గరయింది. గ్యాంగులలో, షెడ్లలో, గార్డు పెట్టెల వెంట వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు. నేడు విశాఖలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు మర్నాడు ఉదయానికి బిలాస్‌పూర్‌లో దిగుతారు. మూడవ తరం పిల్లలు హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడతారు. ఉత్తరాంధ్ర యాస మాత్రం చెక్కు చెదరలేదు.

బుధవారీ బజారుకు కొంచెం వెనుకగా ఉన్న ఒక ఇంటి పెరటిలో ఆ మోటారు సైకిలు కనిపించింది. మద్రాసు తిరువొత్తియూరు కర్మాగారంలో తయారై 1972లో రిజిస్టరైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 346 సీసీ ఇంజను, కుడికాలికి గేరు, దాని ప్రక్కనే న్యూట్రల్‌కు వేసే చిన్న మీట. రైల్వేలో పనిచేసి కాలం చేసిన తండ్రి కొన్న బండి అది. కుమారుడు దానిపై వర్షాకాలం వెళ్లగానే అమరకంటక్ వెళ్లాలని సంకల్పించాడు. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి, అడవి, ఘాట్లు, చలిగాలి. అందుచేత ముందు భాగానికి ఫెయిరింగ్, అంటే గాలిని చీల్చే కవచం, అమర్చదలచాడు. మన మెకానిక్కులు దీనిని వైజర్ అనే అంటారు. పనికి పూనుకున్నది తండ్రిగారి స్నేహితుడు, రైల్వే ఫిట్టరుగా విశ్రాంతి పొందిన పెద్దాయన. కుర్రవాడు ఆయనను బాబాయ్ గారూ అని పిలుస్తాడు. మేము వెళ్లేసరికి ఇద్దరికీ వాదన జరుగుతున్నది.

వాదన అర్థం కావాలంటే ఈ కవచం కథ కొంత తెలియాలి. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు, దానిని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది. పందెపు మోటారు సైకిళ్లకు 1950 దశకంలో ముందు చక్రాన్ని కూడ కప్పివేసే నిండు తొడుగులు వేసేవారు. ప్రక్కగాలి కొడితే అవి తెరచాపల వలె పనిచేసి బండిని దారి తప్పించేవి. 1957 పందెముల తరువాత అంతర్జాతీయ సమాఖ్య వాటిని నిషేధించింది. ఆ మరుసటి సంవత్సరమే ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, ఇదే బుల్లెట్ వంశానికి, 'ఎయిర్‌ఫ్లో' పేరుతో గాజునార కవచాన్ని కర్మాగారం నుండే అందించసాగింది. కనుక బుల్లెట్‌కు కవచం కొత్త వేషమేమీ కాదు. గాలి సొరంగంలో పరీక్షించి రూపొందించిన పూర్తి కవచంతో జర్మనీ వారి బీఎండబ్ల్యూ ఆర్ 100 ఆర్ఎస్ వచ్చినది 1976లో.

రైల్వే వారికి ఇది పరాయి విద్య కాదని పెద్దాయన నవ్వుతూ గుర్తు చేశారు. 1947 నుండి మన పట్టాలపై నడిచిన డబ్ల్యూపీ ఆవిరి ఇంజనుకు ముందు శంఖాకారపు ముక్కు ఉండేది గదా! అయితే దాని వలన అందమే ఎక్కువ, గాలిలో ఆదా తక్కువ అన్నది మా అభిప్రాయం. ఆయన ఒప్పుకోలేదు.

కుర్రవాడు కోరినది ఈనాటి పందెపు బండ్ల వలె ఇంజనును కూడ మూసివేసే నిండు కవచం. బిలాస్‌పూర్ వేసవిలో పాదరసం 45 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఈ ఇంజనుకు నీరు లేదు. రెక్కల మీదుగా పోయే గాలియే దానికి చల్లదనం. ముందు మూసివేస్తే సిలిండరు కాగిపోయి పిస్టన్ పట్టివేస్తుంది. నెత్తి మీదికి, ఛాతీ మీదికి వచ్చే గాలిని తప్పించి, ఇంజను మీదికి పోయే గాలిని వదలవలెను. అందుచేత సగం కవచమే అని పెద్దాయన తేల్చారు. అక్కడికి కుర్రవాడు దిగివచ్చాడు.

అసలు తగవు అమరికలో వచ్చింది. కవచాన్ని హ్యాండిల్‌కు బిగించడం తేలిక. కాని ఆ బరువు, దానిపై పడే గాలి తోపు హ్యాండిల్ మీదనే పడి, వేగంలో బండి ముందుభాగం ఊగుతుంది. చట్రానికి బిగిస్తే ఆ దోషం ఉండదు. ఉండేది మరొక చిక్కు. బుల్లెట్‌లో దీపం, స్పీడోమీటరు, అమ్మీటరు ఒకే అల్యూమినియం మూసలో కూర్చబడి ఫోర్కు తలపై ఉంటాయి. హ్యాండిల్‌తో పాటు దీపమూ తిరుగుతుంది, కవచం మాత్రం కదలదు. కనుక దీపానికి వదిలే కంత కోలగా, రెండు వైపులా వెడల్పుగా ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా ఎటు తిప్పినా వేళ్లకూ క్లచ్ తీగకూ రెండు వేళ్ల ఖాళీ మిగలాలి.

తలకట్టు దగ్గర చట్రపు గొట్టానికి రెండు రంధ్రాలు వేసి బోల్టులు దించితే గంటలో పని అవుతుందని కుర్రవాడి వాదన.

"రంధ్రం పెట్టనివ్వను బాబూ" అన్నారు పెద్దాయన. "ఈ గొట్టం మీదే బండి బరువంతా వేలాడుతుంది. పైగా ఇది మీ నాన్న అప్పు చేసి కొన్న బండి. వచ్చింది వచ్చినట్టు నీ చేతికిచ్చాడు."

"మరి బండి ఇంట్లోనే పెట్టి పూజ చేద్దామా బాబాయ్ గారూ?"

పెద్దాయన సమాధానం చెప్పలేదు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చట్టం పెద్దాయన పక్షాన ఉన్నదని మేము చెప్పవలసి వచ్చింది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటున్నది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటి, చట్రంలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకు 'వింటేజ్' గుర్తింపు ఇచ్చే నియమాలు 2021 జూలైలో వచ్చాయి. ఆ గుర్తింపు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకే తప్ప నిత్యం రోడ్డు మీద తిప్పడానికి వీలులేదు. ఈ బండి 2022లోనే ఆ వయస్సు దాటింది. ఇప్పుడు తిరగడమా, ఎప్పటికైనా ఆ గుర్తింపు పొందడమా అన్నది కుర్రవాడు నిర్ణయించుకోవలసినదే. చట్రానికి రంధ్రం పడితే మాత్రం రెండవ దారి మూసుకుపోయే ప్రమాదం ఉన్నది.

చివరికి పట్టీలే గెలిచాయి. గొట్టం చుట్టూ రెండు ముక్కల ఇనుప పట్టీ, లోపల పాత ట్యూబు రబ్బరు. క్రింది ఆధారం లెగ్ గార్డుకు. ఒంటి సిలిండరు దడకు గాజునార బోల్టుల దగ్గరే పగులుతుంది కనుక, ప్రతి బోల్టుకూ వెడల్పు వాషరు, రబ్బరు బిళ్ల. పాత బుల్లెట్ మరలు చాలావరకు ఇంచి కొలతలవి. ఈనాటి స్పానర్లు పట్టవు. పెద్దాయన పెట్టెలోని పాత స్పానర్లు ఇక్కడ అక్కరకు వచ్చాయి.

కవచపు పోత పని మేము వెళ్లేలోపే జరిగింది. ప్లాస్టర్ అచ్చుకు మైనం పూసి, దానిపై గాజునార చాపను పొరలుగా పరచి రెసిన్‌తో తడపడం పద్ధతి. చాప బరువుకు ఇంచుమించు రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. గట్టిపరచే ద్రవం నూటికి ఒకటి, రెండు పాళ్లు. బిలాస్‌పూర్ మే నెలలో మధ్యాహ్నం కలిపితే కుంచె తీసేలోగా గిన్నెలోనే గడ్డకడుతుంది. అందుకని వారు తెల్లవారుజామున పని చేశారు. ఇంటివద్ద ప్రయత్నించే పాఠకులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. గట్టిపరచే ద్రవాన్ని, వేగం పెంచే కోబాల్టు ద్రవాన్ని నేరుగా ఒకదానిలో ఒకటి కలుపరాదు, పేలుతుంది. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతనే రెండవది.

ముందు అద్దం ఎత్తు విషయంలో పెద్దాయన పట్టుదల మాకు నచ్చింది. కుర్రవాణ్ణి సీటుపై కూర్చోబెట్టి, అద్దపు అంచు ముక్కు ఎత్తుకు వచ్చేలా గీత గీశారు. చూపు అద్దం పైనుండి పోవాలి గాని అద్దం గుండా కాదు. వానలో, ఎదురు దీపాలలో ప్లాస్టిక్ అద్దం గుండా దారి కనబడదు.

మర్నాడు ఉదయం ఆ బండి, దాని వెనుక అద్దె కారులో మేము, 25 కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్‌కు బయలుదేరాము. ఎదురుగా లారీలు వచ్చినప్పుడల్లా గాలి దెబ్బకు కవచం అదిరేది గాని హ్యాండిల్ ఊగలేదని కుర్రవాడు చెప్పాడు. గుడి దగ్గర ఆపగానే పెద్దాయన కారు దిగి, దర్శనానికి ముందే వెళ్లి సిలిండరు రెక్కలపై రెండు నీటి చుక్కలు చిలకరించి, అవి ఆవిరైన తీరును చూసి తల ఊపారు. ఎడమ క్రింది పట్టీ మాత్రం ఒక మర వదులైంది. దానికి రెండవ నట్టు వేయాలన్నారు.

తిరిగి వచ్చాక స్పానరు చేతికిచ్చి కవచం విప్పమన్నారు. కుర్రవాడికి నలభై నిమిషాలు పట్టింది. పట్టీలున్న చోట గొట్టంపై నల్లరంగు చెక్కుచెదరలేదు. పెద్దాయన వ్రేలితో తడిమి చూసి, అరగంటలో విప్పడం నేర్చుకోమని చెప్పి, టీ తెమ్మన్నారు.