ముక్క వెనుకవైపు

రాజకీయ పార్టీల జమాఖర్చుల గురించి పాతికేళ్లుగా రాస్తున్నాను. నా జమాఖర్చు ఏదని ఒకరు నన్నే నిలదీసిన రోజు 2024 ఫిబ్రవరి 15. ఆనాడు ఉదయం ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసింది. ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. మధ్యాహ్నమంతా ఆ తీర్పు చదివి, సాయంత్రానికి వ్యాసం పంపి, రాత్రి ఇంటికి చేరేసరికి ఫోనులో విజయవాడ నుంచి ఒక సందేశం ఉంది. "తీర్పు మీద మీరు రాసింది చదివాను, బాగుంది. పోయిన సెప్టెంబరులో మీ పేకకు నేనిచ్చిన ఆరువందల యాభై ఏమైందో కూడా ఒక ముక్క రాయండి."

ఆ సందేశానికి జవాబివ్వడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పేక సంగతి కొత్త పాఠకులకు చెప్పాలి. ఫిరాయింపుల నిరోధక చట్టాన్ని ఒక ఆటగా మలచవచ్చునన్న ఆలోచన నాకు చాలాకాలంగా ఉండేది. రాజ్యాంగం పదో షెడ్యూలు చదివిన వారెవరికైనా అది చట్టంలా కాక ఆట నియమావళిలా కనిపిస్తుంది: ఎవరు ఎప్పుడు దూకవచ్చు, ఎంతమంది కలిసి దూకితే తప్పు కాదు, ఎవరు తీర్పరి, తీర్పరి ఎంతకాలం మౌనంగా ఉండవచ్చు. ఆటకు "గోడ మీద పిల్లి" అని పేరు పెట్టాం. మొత్తం 108 ముక్కలు. అందులో 54 శాసనసభ్యులు. మిగిలిన 54 సంఘటనలు, అంటే విప్, విలీనం, విశ్వాస పరీక్ష, రిసార్టు యాత్ర వగైరా. సభాపతి ముక్క చేతిలో ఉన్నవాడు అనర్హతపై నిర్ణయాన్ని తనకు తోచినన్ని ఆవృత్తులు వాయిదా వేయవచ్చు. ఆడి చూసిన మిత్రులందరూ ఇది అన్యాయమన్నారు. అన్యాయమే, కానీ మన చట్టసభలలో జరుగుతున్నది అదే గనుక నేను మార్చలేదు. తెలంగాణలో ఫిరాయించిన పదిమంది శాసనసభ్యుల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు సభాపతిని ఆదేశించినప్పుడు ఒక చందాదారు, "ఆ ముక్కకు ఇక గడువు పెడతారా?" అని అడిగారు. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇలాంటి ఆటను అచ్చువేయడానికి ప్రచురణకర్త దొరకడు. అందుచేత నలుగురి దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, తయారుచేసి, పంపించే క్రౌడ్‌ఫండింగ్ పద్ధతిని ఎంచుకున్నాను. తపాలా ఖర్చుతో కలిపి 650 రూపాయలు. 2023 ఆగస్టులో మొదలుపెడితే సెప్టెంబరు చివరికి 431 మంది ఇచ్చారు. సంక్రాంతికి పేక చేతిలో ఉంటుందని రాతపూర్వకంగా మాట ఇచ్చాను. ఎన్నికల ప్రణాళికల్లోని గడువులను ఎద్దేవా చేస్తూ రాసిన చేత్తోనే ఇచ్చాను.

మొదటి చిక్కు విదేశాల నుంచి వచ్చింది. ఇచ్చినవారిలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కొందరున్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని మూడో సెక్షను విదేశీ విరాళం పుచ్చుకోకూడనివారి జాబితా ఇస్తుంది. ఎన్నికల అభ్యర్థులు, చట్టసభల సభ్యులు, న్యాయమూర్తులు, ప్రభుత్వోద్యోగులు, రాజకీయ పార్టీలు, వారి పక్కనే పత్రికల విలేఖరులు, వ్యాసకర్తలు, కార్టూనిస్టులు, సంపాదకులు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు ఎక్కడ నివసించినా చిక్కు లేదు. పౌరసత్వం మార్చుకున్నవారు మాత్రం, పుట్టింది తెనాలిలోనైనా, చట్టం దృష్టిలో విదేశీ వనరే. సరుకుకు చెల్లించిన వెల విరాళం కిందికి రాదని అదే చట్టం చెబుతుంది. అయితే ఇంకా తయారుకాని వస్తువు కోసం ముందుగా ఇచ్చినది వెలా, విరాళమా? న్యాయవాది అయిన మిత్రుణ్ణి అడిగితే కాసేపు ఆలోచించి, "నీ ఆట పేరే దీనికి జవాబు" అన్నాడు. వాదించి నెగ్గగలనేమో గాని, వాదించవలసిన స్థితిలో పడడం విలేఖరికి తగదనిపించింది. పందొమ్మిది మంది డబ్బు తిరిగి పంపాను. ఇద్దరు నొచ్చుకున్నారు, వారిలో ఒకరు ఈనాటికీ మాట్లాడడం లేదు.

మిగిలినవారు 412 మంది, సొమ్ము 2,67,800 రూపాయలు. అంత డబ్బు దగ్గర పెట్టుకుని నేను ఏం చేశానంటే, ఎన్నికల వార్తలకు వెళ్లాను. ఆ నవంబరులో ఐదు రాష్ట్రాల శాసనసభల ఎన్నికలు. బొమ్మలు వేసే చిత్రకారుడికి చూపవలసిన మార్పులు భోపాల్‌లోనూ జైపూర్‌లోనూ నా సంచిలోనే తిరిగాయి. శివకాశి ముద్రణాలయానికి తీరికగా డిసెంబరులో ఫోను చేస్తే, అక్టోబరు నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ క్యాలెండర్లు, డైరీల కాలమని, పొంగలు దాటాక మాట్లాడదామని చెప్పారు. సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. చందాదారులకు "స్వల్ప ఆలస్యం" అని రెండు వాక్యాలు రాశాను. ఆ మాట వాడే మంత్రులను నేను ఎన్నడూ క్షమించలేదు.

అందుకే ఫిబ్రవరి సందేశం అంత లోతుగా తగిలింది. ఓటరుకైనా ఐదేళ్లకొకసారి మనసు మార్చుకునే వీలుంటుంది. ముందుగానే డబ్బు ఇచ్చేసినవాడి చేతిలో ఏమీ మిగలదు. అతడు చేయగలిగిందల్లా మర్యాదగా అడగడమే. నాలుగో రోజున కూర్చుని మొత్తం లెక్క రాసి అందరికీ పంపాను. చందా సేకరించిన సంస్థ కమీషను పోగా చేతికి వచ్చినది రమారమి 2,41,000. చిత్రకారుడికి 40,000. ఐదువందల పేకల అచ్చుకు, ఒక్కొక్కటి 290 చొప్పున, 1,45,000. తపాలాకు మనిషికి 60 అనుకున్నాను, 90 దాటుతుందని తేలింది. అట్టపెట్టెలు, బిళ్లలు, బంకకాగితం మరో 8,000. అన్నీ పోను మిగిలేది పదివేలు. ఆలస్యానికి కారణం ముద్రణాలయం కాదు, నేనేనని కూడా రాశాను. నలుగురు డబ్బు వెనక్కి అడిగి, లెక్క చదివాక ఉంచెయ్యమన్నారు.

మార్చిలో శివకాశి వెళ్లాను. మదురై నుంచి బస్సు. దారి పొడవునా ఎండిన నేల, బాణసంచా కర్మాగారాల బోర్డులు. ముద్రణాలయంలో పని చూసే మేస్త్రి రాజపాళయం వైపు మనిషి; అక్కడి రాజుల ఇళ్లలో ఈనాటికీ తెలుగు ఉంది. ఆయన మాట్లాడినది తరతరాల క్రితం అటు వెళ్లిన తెలుగు, తమిళపు ఒడుపు పడినది. సగం మాటలకు నేను తడుముకుంటే ఆయన నవ్వి తమిళంలోకి, అక్కడినుంచి చేతి సైగల్లోకి మారేవారు. ఒక పెద్ద కాగితం మీద యాభైనాలుగు ముక్కలు ఒకేసారి అచ్చవుతాయి. రెండు కాగితాలైతే ఒక పేక. అచ్చయ్యాక రెండు వైపులా సన్నటి పొర అంటించాలి. ఖర్చు తగ్గించడానికి ఒకవైపే వేయమంటే ఆయన ఒప్పుకోలేదు. పాత నమూనా ఒకటి తీసి చూపారు: ఒకవైపే పొర వేసిన ముక్క ఎండుటాకులా ముడుచుకుంది. ఆ తరువాత అచ్చుకత్తితో కోత, మూలల గుండ్రన, పేర్పు. పేర్చేది ఆడవాళ్లు. వాళ్ల వేళ్ల వేగం చూస్తూ నేను రెండు గంటలు అక్కడే నిలబడిపోయాను.

ఏప్రిల్ మొదటివారంలో పేకలు ఢిల్లీకి చేరాయి. మా ఇంటి ముందుగదిలో మంచం తీసేసి వాటిని పెట్టాం. చిరునామాలు రాయడం మొదలుపెట్టాక ఆ పని నాకు ఇష్టమైపోయింది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలు ఉండేవి, తెలంగాణలో 33. అయినా సగంమంది పాత జిల్లా పేరే రాశారు. అందరినీ గట్టెక్కించేది పిన్‌కోడు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెలకు రాష్ట్ర విభజనతో, జిల్లాల పునర్విభజనతో పనిలేదు. 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్. ఖరగ్‌పూర్, సూరత్, భివండి, బళ్లారి, బరంపురం. ఒక చిరునామాలో ఊరే లేదు. యూనిట్ పేరు, 56 ఎ.పి.ఓ., 9తో మొదలయ్యే కోడు. సైనికుడు. ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. శాసనసభ్యుల గెంతులాట అతడికి పంపవచ్చునా అని ఒక క్షణం ఆగి, డబ్బిచ్చి అడిగినవాడతడే కదా అని పంపాను. తపాలా కార్యాలయంలో లోపల ఏముందని అడిగినప్పుడు మాత్రం మొదటిరోజు నోరు పెగల్లేదు. పేక అనగానే పోలీసు దాడి గుర్తొచ్చే ప్రాంతం నుంచి వచ్చినవాణ్ణి. రమ్మీ నైపుణ్యపు ఆటేనని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960లలోనే చెప్పినా మన ఇళ్లలో ఆ మరక పోలేదు. "తాష్" అన్నాను. ఆమె తలెత్తకుండా ముద్ర వేసింది.

తొలి విడతగా 140 పంపి, లోక్‌సభ ఎన్నికల పర్యటనకు వెళ్లిపోయాను. పొగడ్తలు రాసాగాయి. "ఆట బ్రహ్మాండం, ప్రభుత్వాలు ఇట్టే పడిపోతున్నాయి" అని ఒకరు రాస్తే మురిసిపోయాను. మే నెలలో లక్నోలో ఉండగా అనంతపురం నుంచి ఫోను. విశ్రాంత ఉపాధ్యాయిని, పౌరశాస్త్రం చెప్పినవారు.

"నాయనా, విలీనం ముక్క ఒకసారి చదువు."

చదవడానికి పేక నా దగ్గర లేదని చెప్పాను.

"మూడింట ఒక వంతు దూకితే చాలని వేసినారే. 2003లో తీసేసినదాన్ని మళ్లీ మీరు తెచ్చినారు."

కాసేపు నాకు మాట రాలేదు. 1985లో యాభైరెండో సవరణతో చట్టం వచ్చినప్పుడు, మూడింట ఒక వంతు సభ్యులు విడిపోతే దాన్ని చీలికగా గుర్తించి వదిలేసేవారు. దాన్ని అడ్డం పెట్టుకుని జరిగిన తంతులన్నీ చూశాక తొంభైఒకటో సవరణ ఆ వెసులుబాటును తొలగించింది. ఇప్పుడు మిగిలింది విలీనం ఒక్కటే, దానికి మూడింట రెండు వంతులు కావాలి. ఆట తొలి ముసాయిదాలో చరిత్ర కోసం "చీలిక" ముక్క ఒకటి పెట్టి, తరువాత తీసేశాను. తీసేసేటప్పుడు దాని వాక్యం విలీనంలోకి ఎలా చేరిందో తెలియదు. నలుగురం సరిచూశాం, ఒక్కరికీ కనపడలేదు. ప్రభుత్వాలు ఇట్టే ఎందుకు పడిపోతున్నాయో అప్పుడు అర్థమైంది.

పత్రికలో తప్పు దొర్లితే మరునాడు లోపలి పేజీలో "సవరణ" అని రెండు పంక్తులు వేస్తాం. ఆ అలవాటుతోనే, సరైన విలీనం ముక్క ఒక్కటి అచ్చువేసి అందరికీ కవరులో పంపితే చాలునని శివకాశికి ఫోను చేశాను. మేస్త్రి వద్దనలేదు. నాలుగు రోజుల తరువాత నమూనా ముక్కలు పది పంపి, వాటిని పాత పేకలో కలిపి బోర్లా పరిచి చూడమన్నారు. చూశాను. వెనుకవైపు ముదురు నీలం, ఏ బొమ్మా లేదు. కొత్త ముక్కలు పదీ గదికి ఆ చివరనుంచి కూడా తెలిసిపోతున్నాయి. సిరా అదే, కాగితం అదే. వేరే రోజు వేరే దఫాలో అచ్చయితే నీలం ఒక పిసరు మారుతుందట. అంటే విలీనం ఎవరి చేతిలో ఉందో బల్ల చుట్టూ ఉన్నవారందరికీ కనబడుతుంది. తప్పు ముక్కతో ఆట చట్టవిరుద్ధం, ఒప్పు ముక్కతో ఆట బహిరంగ రహస్యం. ఊరుకోవచ్చునని కూడా అనుకున్నాను. నియమాల పుస్తకంలో ఒక చీటీ పెడితే సరిపోతుందని భార్య అంది, మిత్రులు అన్నారు. కానీ ఆ ముక్క చదివి ఏ ఇంట్లోనైనా ఒక పదిహేనేళ్ల పిల్ల చట్టం ఇదేననుకుంటే, దానికి చీటీ అడ్డుపడదు.

సంఘటనల ముక్కలు యాభైనాలుగూ ఒకే కాగితం మీదివి, ఆటలో వేరే దొంతరగా ఉంటాయి. ఆ కాగితం మొత్తం మళ్లీ వేస్తే వాటిలో వాటికి నీలం కలుస్తుంది, సభ్యుల దొంతరతో పనిలేదు. ఈ ఉపాయం నాది కాదు, మేస్త్రిది. ఖర్చు 46,000. ముందు వెళ్లిన 140 మందికి మళ్లీ తపాలా 7,000. మిగిలిన పదివేలు అందులో పోగా 43,000 నా జేబులోంచి పెట్టాను. ఈ అంకెలు కూడా చందాదారులకు రాశాను. ఒకరిద్దరు పూడుస్తామన్నారు, వద్దన్నాను. జులైలో మూడు ఆదివారాలు నేనూ మా అబ్బాయీ ఇంట్లో ఉన్న 360 పెట్టెలు విప్పి, పాత దొంతర తీసి, కొత్తది పెట్టి, మళ్లీ అతికించాం. ఆ రోజుల్లోనే హైదరాబాదులో శాసనసభ్యులు ఒక్కొక్కరే పార్టీ మారుతున్నారు. టీవీ పెట్టుకుని ఆ పని చేస్తుంటే మా అబ్బాయి, "నాన్నా, వీళ్లు మూడింట రెండు వంతులు అయ్యారా?" అని అడిగేవాడు. కాలేదనే చెప్పేవాణ్ణి.

పాత దొంతరలు తూకానికి వేశాం, ఒక్కటి తప్ప. అనంతపురం ఉపాధ్యాయిని తన పాత దొంతర పారేయలేదట. పక్కింటి పిల్లలతో ఒకరోజు 1985 నియమంతో, మరొకరోజు ఇప్పటి నియమంతో ఆడిస్తున్నారని చెప్పారు.

ఆగస్టు 2024 నాటికి 411 అందాయి. సైనికుడిది నెలన్నర తిరిగి చేరింది. అస్సాంలోని ఒక చిరునామాకు పంపినది రెండుసార్లూ తిరిగివచ్చింది, కవరు మీద ఇల్లు ఖాళీ చేశారని రాసి ఉంది. ఫోను మోగదు, ఈమెయిలుకు జవాబు లేదు. ఆ పెట్టె మా అలమరలో ఉంది. లెక్కల పుస్తకంలో ఆయన 650 విడిగా ఒక గీత కింద ఉంది.