పాపకి చోడి జావ

పొద్దున్న చోడవరంలో కిరాణా కొట్టు దగ్గర ఒకమ్మాయి, చంకలో ఏడో నెల పాప. పిల్లల తిండి డబ్బా ధర అడుగుతోంది.
పక్కనున్న మామ్మగారు అందుకున్నారు: "ఏటమ్మా, డబ్బా ఎందుకు? చోళ్ళు నానేసి, మొలకట్టి, ఎండేసి పిండాడించు."

ఆ ఒక్క మాటలో ఎంత శాస్త్రం ఉందో!

మొలకెత్తిన చోళ్ళ (రాగుల) జావ అంత గట్టిపడదు. అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది, చిన్న పొట్టకి ఎక్కువ బలం అందుతుంది. ఇనుము కూడా బాగా ఒంటపడుతుంది.
100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం. తెల్ల బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు.

ఆరు నెలలు నిండాక, తల్లిపాలు మానకుండా, రెండు మూడు చెంచాలతో మొదలుపెడితే చాలు. అలవాటయ్యాక సామలు, కొర్రలు.
అనకాపల్లి బెల్లం పక్కనే ఉన్నా ఏడాది నిండేదాకా వద్దు. పంచదార, తేనె, ఉప్పు కూడా.

మన పాడేరు, అరకు కొండల్లో చోళ్ళు, సామలు పండుతూనే ఉన్నాయి. అవి ముందు మన పిల్లల నోటికి అందాలి.

మీ ఇంట్లో పాపాయికి జావ ఎలా కాస్తారు? కింద రాయండి, కొత్త తల్లులకి పనికొస్తుంది.